ఊకదంపు

తెలుగువాడు ఒక పని నిష్ఫలమని చెప్పదలచినప్పుడు దానిని ఊకదంపు అనును. సారములేని ఉపన్యాసము ఊకదంపుడు. ఓడిపోయిన వాదమునే మరల మరల పట్టుకొని సాగదీయుట ఊకదంపుడు. వినువారు ఒక్కరొక్కరే లేచి యిండ్లకు పోయిన పిదపను ముగియని పురాణకాలక్షేపమును ఊకదంపుడే. సంస్కృతమున లౌకికన్యాయములను కూర్చిన పండితులును తుషకండనన్యాయమని దీనికే పేరిడిరి. ధాన్యము దంచినచో బియ్యము వచ్చును. బియ్యము పోయిన ఊకను దంచినచో అరచేతులకు బొబ్బలును, కంటిలోనికి నలుసులును తప్ప వచ్చునది లేదు. రోలును రోకలిని ఎరిగిన ఇల్లాండ్ర అనుభవమునుండి పుట్టిన మాట గనుక దీనిని కాదనుటకు ఇన్నాళ్ళును ఎవ్వరికిని అవసరము కలుగలేదు.

కొలది సంవత్సరముల క్రిందట గోదావరి మండలములో ఒక ధాన్యపుమిల్లు ప్రక్కనున్న రేకులకొట్టములో ఈ మాటను కాదను సాక్ష్యము నాకు ప్రత్యక్షమైనది. మిల్లు వెనుక ఊక కొండవలె పడియున్నది. దాని చెంతనే అడితినుండి తెచ్చిన రంపపుపొట్టును, రాయలసీమనుండి లారీలలో వచ్చిన వేరుశనగ పొట్టును వేరువేరు గుట్టలుగా నున్నవి. ఈ మూటిని కలిపి ఒక తొట్టిలో పోయుచుండగా, క్రింద నొక ఉక్కుముసలము నిమిషమునకు రెండువందలకు పైబడిన దెబ్బలతో దానిని సన్నని గొట్టములోనికి గ్రుద్దుచున్నది. దంపుళ్ళపాట లేదు గాని దంపు మాత్రము అదే. గొట్టము రెండవ చివరనుండి మణికట్టుకంటె లావైన గోధుమవన్నె కట్టె యొకటి పొగలు గ్రక్కుచు మెల్లమెల్లగా వెలుపలికి జరిగి, పొడవైన కమ్మిదారిలో చల్లారుచు, కొసకు వచ్చి తన బరువునకు తానే విరిగి తునుకలై పడుచున్నది. అక్కడివారు దానిని బ్రికెట్టు అనుచున్నారు. వర్తకులు వైట్ కోల్ అనుచున్నారు. వన్నెకు అది తెలుపును కాదు, పుట్టుకకు బొగ్గును కాదు. నేనొక తునుకను చేతబట్టి, "ఇందులో జిగురేమి కలుపుదురు?" అని యంత్రముకడ నున్న పనివాని నడిగితిని. అతడు నా అజ్ఞానమునకు జాలిపడినట్లు నవ్వి, "ఏమీ కలపమండి. దాని జిగురే దానికండి" అని తన పనిలో తాను పడెను.

ఈ వ్యాసమంతయు ఆ పనివాని మాటకు నేను వ్రాసికొనిన భాష్యము.

అతడు చెప్పినది అక్షరసత్యము. చెట్టుచేమలలో పీచును పీచుతో బంధించి కాండమును నిలువబెట్టు లిగ్నిన్ అను పదార్థ మొకటి గలదు. చల్లగా నున్నప్పుడది జడముగా, గట్టిగా నుండును. ముసలముయొక్క దెబ్బలచేతను, గొట్టపు గోడల ఒరపిడిచేతను పుట్టిన వేడి 100 డిగ్రీలు దాటి 150 ప్రాంతమునకు పోవునప్పటికి అది మెత్తబడి రేణువునకును రేణువునకును నడుమ ప్రవేశించును. వెలుపలికి వచ్చి చల్లారగానే మరల గట్టిపడి వానినన్నిటిని ఏకపిండముగా నిలుపును. ఈ విద్య నిన్న మొన్నటిది కాదు. 1880లో చికాగో నగరమునకు చెందిన విలియం స్మిత్ అనునాతడు రంపపుపొట్టును కొంచెము వేడిచేసి ఆవిరిసమ్మెటతో మోది దిమ్మెలు చేయు పద్ధతికి అమెరికాలో పేటెంటు పొందెను. తరువాతి కాలమున జపానువారు దెబ్బకు బదులు తిరుగుడును ప్రయోగించి, వెలుపలనుండి వేడిచేసిన గొట్టములోనికి మరచుట్టుతో పొట్టును త్రోసి, నడుమ బెజ్జముగల కట్టెలను తీసిరి. ఆ బెజ్జమునుగూర్చి కడపట మరల చెప్పవలసియున్నది.

100 కిలోల ధాన్యము ఆడించినచో సుమారు 20 కిలోల ఊక దిగును. ఆ ఊకను విడిగా పోసినచో ఘనమీటరు చోటున 100 కిలోలు, మహా అయిన 120 కిలోలు పట్టును. బండి నిండును గాని బరువు తూగదు; లారీకెత్తిన ఊక పేరునకు సరకు, నిజమునకు చాలవరకు గాలి. దంచి దిమ్మె చేసినచో అంతే చోటును నింపు దిమ్మెపదార్థము 1000 కిలోలకు మించి తూగును. ఇంతవరకు ఆశ్చర్యమే. కాని అసలు విశేషము దీనికి తరువాతి లెక్కలో నున్నది. కిలో విడిఊకను కాల్చినచో 3000 మొదలు 3500 కిలోకేలరీల వేడి పుట్టును. తేమ హరించుటచే కలుగు స్వల్పభేదమును విడిచినచో, కిలో దిమ్మెను కాల్చినను పుట్టునది అంతియే. అంత ఉక్కు, అంత విద్యుత్తు, అన్ని దెబ్బలు వ్యయపడినను ఊకలోని అగ్నికి ఒక్క రవ్వయైనను అదనముగా చేరలేదు. అట్లయిన ఆ దంపు చేసినదేమి?

ఇచ్చట నాకొక పాతప్రశ్న కొత్తగా తోచినది. జపము, ధ్యానము, వ్రతము, ఉపవాసము, తీర్థయాత్ర — ఏ మతమందైనను సాధన యనునది ఏదో యొక రూపమున మనుష్యుని దంచునదియే. దానివలన ఆతనికి కొత్తగా చేరునదేమి? చేరుననినచో, చేరినది ఎప్పుడో ఒకప్పుడు తొలగక మానదు. కర్మచే సంపాదింపబడినది ఏదియు నిత్యము కానేరదని శంకరాచార్యుల నిశ్చయము. చేరదనినచో, ఆత్మ స్వతస్సిద్ధమే యనినచో, తెల్లవారుజాము చన్నీటి స్నానములును, వ్రేళ్ళు కాయలు గాచునట్లు త్రిప్పిన జపమాలలును ఊకదంపు గాక మరేమి? ఇది ఉభయతఃపాశము. ఏ కొస పట్టి లాగినను మెడకు బిగియును.

దంచుటనుగూర్చి మీమాంసకులంత లోతుగా ఆలోచించినవారు లోకమున మరియొకరుండరు గనుక, ఈ ప్రశ్నను ముందు వారికడకే కొనిపోవుట మర్యాద. దర్శపూర్ణమాసములను యాగములయందు పురోడాశమను రొట్టెకు కావలసిన వడ్లను దంచవలెనని విధి గలదు. బియ్యము కావలసినవాడు వడ్లు దంచుట లోకసిద్ధమే. దానిని వేదము చెప్పవలసిన అగత్యమేమి? గోళ్ళతో ఒలిచియు బియ్యము తీయవచ్చును గదా; ఆ దారిని మూసి దంపుననే తీయుమని నియమించుటకే ఈ విధి యనియు, కంటికి కనబడు ఫలము ఊక తొలగుటయే యైనను, నియమమును పాటించుటవలన కనబడని అపూర్వ మొకటి పుట్టుననియు వారు నిర్ణయించిరి. అనగా దెబ్బ ఏదో ఒకదానిని చేర్చుచునే యున్నది. అది కంటికి అందదు, అంతియే. అయినను వారు ఊరక దంచుమని చెప్పినవారు కారు. బియ్యమునకు బదులు కృష్ణలములను బంగారు గింజలతో చరువు చేయవలసిన యిష్టి యొకటి గలదు; అందు దంపు మానవలసినదనియే వారి తీర్పు. బంగారమునకు ఊక లేదు. తొలగింపవలసినది లేనిచోట దంపునకు పని లేదు. ఇట్టివారికి బియ్యము పోయిన ఊకను దంచు మనుష్యుని చూపినచో ఏమని యుందురో ఊహించుట కష్టము కాదు.

వేరుపడిన ఊకకు యజ్ఞశాలలో పట్టిన గతియు చెప్పదగినదే. దేవతలకు పురోడాశము, రాక్షసులకు ఊక. పురోడాశమును కాల్చుటకు తెచ్చిన పెంకులలో ఒకదానితో దానిని ఆవల పారబోయుదురు. ఆ పెంకును సమకూర్చుటకు కారణము ఊకయా, పురోడాశమా యని జైమినిసూత్రములలో విచారణ జరిగి, పురోడాశమేయనియు, ఊక ఆ పెంకును ఎరవు పుచ్చుకొనినది మాత్రమేయనియు తేలినది. తనదని చెప్పుకొనుటకు ఒక పగిలిన పెంకైనను లేని దారిద్ర్యము ఊకది! కర్మకాండమును విడిచి జ్ఞానకాండమునకు వచ్చినను దానికి గౌరవము కలుగలేదు. స్కందోపనిషత్తు జీవుని వడ్లగింజగాను శివుని బియ్యపుగింజగాను భావించి, నడుమనున్న ఊకకు బంధమని పేరు పెట్టినది. ఒక మార్గమున రాక్షసభాగము, మరియొక మార్గమున పాశము — రెండు కాండములకును ఇంతటి ఏకాభిప్రాయము కుదిరిన విషయములు అరుదు.

అట్టి ఊకకు ఒక్క కథలో మాత్రము మహత్తు కలిగినది. ఆ కథ మీమాంసకులలో అగ్రగణ్యుడైన కుమారిలభట్టుదే యగుట చిత్రము. మాధవీయ శంకరవిజయము చెప్పు ప్రకారము, ఆయన బౌద్ధసిద్ధాంతమును ఖండింపదలచి, మారువేషమున బౌద్ధగురువుల సన్నిధి చేరి వారి శాస్త్రమును నేర్చి, ఆ శాస్త్రబలముతోనే వారిని జయించి, అనంతరము గురుద్రోహమునకు ప్రాయశ్చిత్తముగా ప్రయాగలో తుషాగ్నిని ప్రవేశించెను. తన భాష్యమునకు వార్తికము వ్రాయింపగోరి వచ్చిన శంకరులతో, ఊకనిప్పులో కాలుచునే సంభాషించి, మండనమిశ్రుని వెదకి పొమ్మని చెప్పెను. చరిత్రగా దీని ప్రామాణ్యమెంతయో విమర్శకులు తేల్తురు గాక. నాకు తోచు సందేహము వేరు. కథకుడు ఊకనే ఏల యెన్నుకొనెను? ప్రయాగలో సమిధలకు కరవా, చందనమునకు కరవా? గుట్టగా పోసిన విడిఊకకు నిప్పంటించి చూచినవారికి దీని మర్మము తెలియును. అందు జ్వాల లేవదు. పైపొర నల్లబడి, లోలోపల రాజుచు, దినములతరబడి సన్నని పొగను వదలుచు, అది కాలుచున్నదో ఆరినదో చూచువారికి తెలియనీయదు. క్షణములో ముగియు కట్టెలచితి ఆ ప్రాయశ్చిత్తమునకు చాలలేదు. ఆర్తి యెంత దీర్ఘమో అగ్నియు అంత దీర్ఘము కావలసివచ్చినది.

అదే ఊకను దిమ్మెచేసి బాయిలరులో వేసినచో జ్వాలయై లేచి నీటిని ఆవిరి చేయును. ద్రవ్య మొక్కటియే, అందలి వేడియు లెక్కకు సమానమే. చెదరియున్నప్పుడు పొగ, కూడియున్నప్పుడు జ్వాల. ఈ భేదమును మన కాలమున దేశమంతయు చూచుచున్నది. ప్రతి సంవత్సరమును అక్టోబరు నవంబరు మాసములలో పంజాబు, హర్యానా రైతులు వరి కోసిన పిదప గోధుమకు అదను దాటునను తొందరలో గడ్డిని మోళ్ళతోగూడ పొలముననే తగులబెట్టుటయు, ఆ పొగ ఢిల్లీ నగరమును కమ్ముకొనుటయు అందరికిని తెలిసిన సంగతియే. 2021లో కేంద్రప్రభుత్వము బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రములలో నూటికి 5 పాళ్ళు ఇట్టి గడ్డిగుళికలను కలిపి మండింపవలెనని విధానమును ప్రకటించినది. ఒకచోట కన్నులను మూయించిన గడ్డియే మరియొకచోట దీపమై వెలుగవలెనని దాని తాత్పర్యము.

ఇక మన ప్రశ్నను దర్శనకారులయెదుట పెట్టుదము. దిమ్మెలోని జ్వాల ముందే ఊకలో నున్నదా, దంపువలన కొత్తగా పుట్టినదా? సాంఖ్యుడు తడవుకొనడు. నువ్వులలో నూనె యున్నది గనుకనే గానుగ ఆడినవానికి నూనె దొరకును, ఇసుకను ఆడినవానికి దొరకదు. కార్యము కారణమున ముందే యున్నది. గానుగ చేయునది అభివ్యక్తి మాత్రమే యని ఆతని సత్కార్యవాదము. నైయాయికుడు దీనికి ఒప్పుకొనడు. అవయవములు కూడినప్పుడు వానికంటె వేరైన అవయవి యను కొత్తద్రవ్యము పుట్టుననియు, ఒకచోట పట్టి లాగినచో అంతయు కదలివచ్చుటయే దానికి గుర్తనియు న్యాయసూత్రము. ఊకరాశిని పట్టి లాగినచో పిడికెడే వచ్చును. దిమ్మెను కొసపట్టి యెత్తినచో దిమ్మెయంతయు లేచును. కనుక దిమ్మె కొత్తవస్తువే యని ఆతడు మన రేకులకొట్టములోనికి వచ్చి వాదింపగలడు. కాని అతని భాష్యకారుడే యైన వాత్స్యాయనుడు ఈ హేతువును ఊరక విడువలేదు. ఇట్లు పట్టుబడుటకును కదలివచ్చుటకును కారణము అవయవి కాదనియు, సంగ్రహమను వేరొక గుణమనియు, అది జిడ్డువలనను ద్రవత్వమువలనను కలుగుననియు, పచ్చికుండలో నీటిచేతను కాలినకుండలో నిప్పుచేతను ఏర్పడుననియు, లక్కతో అతికిన గడ్డియు కట్టెయు ఏకద్రవ్యము కాకున్నను కలిసియే కదలుననియు విచారించెను. దాదాపు పదునైదు శతాబ్దముల క్రిందటి ఈ భాష్యకారుని మన పనివానికి పరిచయము చేయగలిగినచో ఒకరినొకరు క్షణములో గ్రహించియుందురు. సంగ్రహమని ఆయన పేరిడినదానినే ఇతడు జిగురన్నాడు. అయితే లక్క వెలుపలనుండి వచ్చినది, ఈ జిగురు లోపలిది.

కనుక మన ప్రశ్నకు నాకు తోచిన సమాధానమిది: సాధనచే కొత్తద్రవ్యము చేరదు, కొత్త అగ్నియు చేరదు, చేరునది సంగ్రహము. యోగభాష్యము చిత్తమునకు క్షిప్తము, మూఢము, విక్షిప్తము, ఏకాగ్రము, నిరుద్ధము అని అయిదు భూములను చెప్పినది. విక్షిప్తచిత్తునికంటె ఏకాగ్రచిత్తునికి చైతన్యము ఎక్కువగా నున్నదని ఆ శాస్త్రము చెప్పదు. సంతలో తిరుగుచు నూరు వస్తువులపై నూరు క్షణములు నిలిచి చెదరిపోయిన చూపును, గర్భగుడిలో దీపముపై నిలిచిన చూపును ఒకే కంటివి. అయినను మొదటి చూపు ఇంటికి వచ్చి తలచుకొనుటకు ఏమియు మిగుల్పదు; రెండవది జన్మమంతయు మిగులును. బరువు మారలేదు, చోటు మారినది.

అట్లయిన ఈ సంగ్రహము దెబ్బవలన కలుగునా? ఇచ్చట చాలమంది పొరపడుదురు. చల్లని ఊకను పిడికిట ఎంత అదిమినను, పిడికిలి వదలిన మరుక్షణమే విచ్చిపోవును. ఆ రేకులకు తమ వంపునకు తాము మరలు పట్టుదల గలదు. దెబ్బనుండి వేడి పుట్టి, ఆ వేడికి లోపలి గట్టిదనము మెత్తబడినప్పుడే ఒకటి మరియొకదానిని పట్టుకొనును. తపస్సు అను పదమునకు ధాత్వర్థము వేడియే గాని దెబ్బ కాదు. ఉపవాసముచే కోపము పెరిగినవానిని, జపముచే అహంకారము ముదిరినవానిని మనమెరుగుదుము. వారును దంచుకొనినవారే, అయితే లోన ఏదియు మెత్తబడలేదు, చల్లని దంపు. పీడనముచే ఒక్కటైనట్లు కనబడు సంఘముల సంగతియు ఇంతియే. దొరయొక్క పిడికిలి బిగిసియున్నంతకాలము ఒక్క ముద్ద. పిడికిలి సడలినచో పిడికెడు ఊక. సొంత జిగురు కరిగి కలిసినవారిని విడదీయుటకు మాత్రము గొడ్డలి కావలెను.

పనివారు చెప్పు మరియొక సంగతి గలదు. పొట్టులో తేమ నూటికి 8 మొదలు 12 పాళ్ళలో నుండవలెను. అంతకు మించినచో లోపలి నీరు ఆవిరియై దిమ్మెను పగులగొట్టి ఫిరంగివలె వెలుపలికి చిమ్మును. మరీ ఎండినచో ఎంత కొట్టినను అతుకదు. మిక్కిలి తినువానికిని, ఏమియు తిననివానికిని యోగము కుదరదని గీతాచార్యుడు ఆరవ యధ్యాయమున చెప్పినది యంత్రమునకును వర్తించుచున్నదన్నమాట. రసము ఎక్కువైనవాడు ఉద్రేకమున పగులును; రసము బొత్తిగా ఇంకినవాడు వైరాగ్యమని పేరుపెట్టుకొనిన పొడియై రాలును. మరియు ఊకలో అయిదవవంతు బూడిద. ఆ బూడిదలో అధికభాగము ఇసుకజాతికి చెందిన సిలికా. జపానువారి పద్ధతి యంత్రములలో దానిని త్రోయు మరచుట్టు త్వరత్వరగా అరిగిపోవుటచేత మాటిమాటికి దాని అంచులకు గట్టిలోహము పోసి సరిచేయుచుందురు. శిష్యుని దంచుచు తాను అరగని గురువు లేడని ఆ అరిగిన ఇనుమును చూచినప్పుడు నాకు తోచినది.

ఇంతవరకు వచ్చి ఆగి, ఈ ఉపమానమునకు ఎదురు చెప్పదగిన మాటలను దాచక చెప్పవలెను. ఊక తనంతట తాను తొట్టిలోనికి దూకలేదు. దిమ్మెయైనందువలన కలిగిన లాభము ఊకది కాదు, బాయిలరు యజమానిది. మనుష్యులను కూడగట్టి, క్రమశిక్షణ యను గొట్టమునుండి త్రోసి, ఎవరి పొయ్యిలోనో మండించుట చరిత్రలో అనేక పర్యాయములు జరిగినది. దానికి సాధన యని పేరిడుట పాపము. ఇతరుని దంచుటకు మనకున్న అధికారమునుగూర్చి ఈ యంత్రము ఏమియు బోధింపదు. సాధకునియందు ఊకయు తానే, ముసలమును తానే, చలికాచుకొనువాడును తానే కావలెను. ఈ మూడింటిలో ఒకటి పరులదైనచో ఉపమానము చెడును.

రెండవ యాక్షేపము ఇంతకంటె లోతైనది. వ్యర్థమనగా అర్థము తొలగినది, ఎవరి యర్థము? పొలమున మిగిలిన మోడు మనకు వ్యర్థము, మట్టికి ఆహారము. గడ్డి మనకు వ్యర్థము, ఎద్దునకు కబళము. రాలినదానినెల్ల ఏరి, దంచి, లెక్కకట్టి కాల్చివేయుదుమన్నచో నేల నిస్సారమగును. వ్యర్థమును అర్థము చేయబోయి అనర్థము తెచ్చుకొనినట్లగును. యజ్ఞశాలలో ఊకను రాక్షసులకు విడిచిన ఆచారమును ఇంతకుముందు నేను కొంత పరిహాసముగా చెప్పితిని. ఇప్పుడు తలచిన అందు ఒక మర్యాద గోచరించుచున్నది. తమకు శత్రువులైనవారికిని ఒక భాగము గలదని, పండినదంతయు తమ పద్దులోనికి రాదని ఆ ఋషులు ఒప్పుకొనిరి. మిల్లుకడ పోగుపడి కుళ్ళు ఊకను దంచుట వివేకము. పొలమున నేల నోటికడనుండి లాగుకొని దంచుట లోభము. వస్తువొక్కటియే యైనను ఈ రెంటిని యంత్రము గుర్తింపలేదు, గుర్తింపవలసినవాడు మనుష్యుడు.

ఇక దిమ్మెకు వానభయము గలదు. ఒక్క జల్లు పడి నానినచో ఉబ్బి, విచ్చి, మరల పొట్టుగా రాలిపోవును. ఒక్క రేణువైనను నశింపదు, అందలి వేడియు ఎక్కడికిని పోదు. నైయాయికుని అవయవి మాత్రము జాడలేక పోవును. ఇరువది సంవత్సరముల నిష్ఠ ఒక్క ఋతువులో కరిగినవారిని చూచి లోకము నవ్వును. నవ్వవలసినది లేదు. సంగ్రహము సంపాదించుకొనినది గనుక పోగొట్టుకొనదగినది. దానికి కప్పు కావలెను. ఆశ్రమములును, నియమములును, సత్సంగమును ఆ రేకులకప్పు వంటివి. పోనిది సంగ్రహము కాదు, అందలి అగ్ని. శంకరులు నిత్యమన్నది దేనిని, అనిత్యమన్నది దేనిని అను సందేహము నాకు ఆ నానిన దిమ్మెవలన కొంత తీరినది.

అయినను నా ప్రశ్నకు పూర్తి సమాధానము ఆ కొట్టములో దొరకలేదు. ఇంటికి వచ్చునప్పుడు దారిలో, జపానువారి కట్టె నడిమి బెజ్జమును తలచుకొనుచుండగా, మా నాయనమ్మ పొట్టుపొయ్యి జ్ఞాపకమునకు వచ్చినది. ఆ పొయ్యిని ఎరిగినవారు ఇప్పుడు తక్కువ. అడుగుప్రక్కన కన్నముగల ఇనుపడబ్బా. దాని నడుమ ఒక సీసాను నిలువుగా నిలిపి, కన్నములోనుండి ఒక కర్రను దానికి తగులునట్లు దూర్చి, చుట్టును రంపపుపొట్టు పోయుచు రోకలితో దంచవలెను. వదులుగా దంచినచో నిప్పు తగులగానే అంతయు కూలి, ఆరి, ఇల్లంతయు పొగ నిండును. గట్టిగా దంచినచో ఒక్క డబ్బా పొట్టుతో పూటవంట గడచును. ఆమెకు లిగ్నిన్ తెలియదు, సాంఖ్యమును తెలియదు, పొట్టుకు ఎంత తడి యుండవలెనో వ్రేళ్ళకు తెలియును.

నాకు పదేండ్ల వయస్సున ఒకనాటి రాత్రి ఆ పని నేను చేసెదనని పట్టుబట్టి, నా బలమంతయు చూపి రాయివలె దంచితిని. దంచి, గర్వముతో సీసాను ఒక్క పెట్టున పైకి లాగితిని. గోడ కూలి నడిమి దారి మూసికొనిపోయినది. ఆమె కోపపడలేదు. డబ్బాను బోర్లించి, పొట్టును మరల పోసి, ఈసారి తానే దంచి, సీసామెడను రెండు వ్రేళ్ళతో పట్టుకొని, ఊపిరి బిగబట్టి, కొంచెము కొంచెముగా త్రిప్పుచు పైకి తీసినది. డబ్బా నడుమ నున్నటి చీకటిబావి యొకటి ఏర్పడినది. తెల్లవారుజామున ఆ బావిలోనుండియే నీలిమంట నిలువుగా లేచును; పాలు కాగునది ఆ దారినే.

అభావమును సయితము ఒక పదార్థముగా లెక్కించిన వైశేషికులను చదువుకొనుటకు నాకు ఆ తరువాత చాల యేండ్లు పట్టినది. సాధన చేర్చునదేమి యని నన్నిప్పుడెవరైన అడిగినచో, మొదట దంపు, దంపున వేడి, వేడికి కరిగిన సొంత జిగురు అని వరుసగా చెప్పి, అంతటితో ముగింపలేక, ఆ రాత్రి చేతులు దులుపుకొనుచు మా నాయనమ్మ అనిన మాటను చెప్పవలసివచ్చును: "దంచడం ఎవడైనా దంచుతాడురా నాయనా. సీసా తియ్యడంలో ఉంది పనంతా."